పదహారేళ్ళ పట్టీ

నలభై ఆరేళ్ళదాన్ని, చదువుకున్నదాన్ని, పది మందికి నచ్చజెప్పే ఉద్యోగంలో ఉన్నదాన్ని, పట్టపగలు పిట్టగోడ మీంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాను. నన్నెవరూ తొయ్యలేదు. "నీ వల్ల కాదులే వదినా" అంది మా ఆడపడుచు ఎస్తేరు. అంతే, దూకాను. ఆ దూకుడు వల్ల నాకు ఆరు వారాల పిండికట్టు పడింది. ఒక చట్టం మారింది. రెండోది నాకు ఎక్కువ సంతోషం కాబట్టి మొదటిదాని గురించి ఏడవను.

నా పేరు దయామణి. విజయవాడ గవర్నరుపేటలో, టైర్ల కొట్టు పైన, బాలపక్షం అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. నేరం చేసి దొరికిన పిల్లల విషయంలో చట్టాలు మార్పించడం అక్కడ నా పని. అంటే ఏం చేస్తావని మా అత్తగారు అడిగితే, కాయితాలు రాసి పెద్దమనుషుల చుట్టూ తిరుగుతానని చెప్పాను. అదీ ఒక ఉద్యోగమేనా అని ఆవిడ ఇప్పటికీ బెంగపడుతుంది.

పదకొండేళ్ళుగా నేను తిరుగుతున్నది ఒక్క నిబంధన కోసం. పదహారు నిండి పద్దెనిమిది నిండని పిల్లలు పెద్ద నేరం చేస్తే, ఒక బోర్డు వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడుతుంది. తప్పని తెలిసే చేశారని బోర్డుకి అనిపిస్తే చాలు, పిల్లల కోర్టు నుంచి తీసి పెద్దల కోర్టుకి పంపేస్తారు. అక్కడి నుంచి పెద్దల జైలే. ఆ దారి మూసెయ్యాలని నా గొడవ. ఎట్టకేలకు శాసనసభ అయిదుగురితో ఒక కమిటీ వేసింది. కమిటీ మా మాట ఒప్పుకుని సిఫార్సు రాస్తే ఆ రోజు నుంచే బదిలీలన్నీ ఆగిపోతాయి, బిల్లు వెనకాల వస్తుంది. రాయకపోతే రాష్ట్రంలో ముప్పై ఒక్క మంది పిల్లలు వరసలో ఉన్నారు. ఆ వరసలో మొదటి పేరు పరిమళ.

పరిమళ బందరు వైపు పిల్ల. రొయ్యలు వలిచే షెడ్డులో తల్లితో పాటు పనికి వెళ్ళేది. ఒకరోజు సూపర్‌వైజరు అందరి ముందూ వాళ్ళమ్మని జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చాడు. ఈ పిల్ల అగ్గిపుల్ల గీసి థర్మాకోల్ పెట్టెల గుట్ట మీద వేసింది. షెడ్డు మొత్తం అంటుకుంది. లోపల వాచ్‌మన్ కోటయ్య నిద్రపోతున్నాడని గుర్తొచ్చి, మళ్ళీ తనే మంటల్లోకి వెళ్ళి ఆయన్ని కాళ్ళు పట్టుకుని లాక్కొచ్చింది. ఆయన చెయ్యి కాలింది, ప్రాణం దక్కింది. అప్పటికి ఆమెకి పదహారున్నర. ఏడు నెలలుగా ఆడపిల్లల అబ్జర్వేషన్ హోమ్‌లో ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆఫీసులో పనికొచ్చిన మనిషిలా నిటారుగా కూర్చునేది.

తప్పని తెలుసా అని బోర్డు అడిగితే ఏం చెప్తావని ఒకసారి అడిగాను.

"తెలుసు అని చెప్తా మేడం. తెలిసినప్పుడు తెలీదని ఎట్టా చెప్తాను?"

ఆ ఒక్క మాటకే ఆమె పెద్దల కోర్టుకి వెళ్ళిపోతుంది. ఆమెకి బోర్డు ఒక సోమవారం పడింది. అంతకు ముందు గురువారం కమిటీ రిపోర్టు. నాకు నిద్ర పట్టేది కాదు.

ఇక ఎస్తేరు సంగతి. మా ఆయన ప్రకాశం చెల్లెలు. గుంటూరులో పక్షవాతం వచ్చినవాళ్ళ మెదడు మీద పరిశోధన చేసే లాబ్‌లో డాక్టరు. మనిషి నుదుటి వెనకాల 'ఆగు' అని చెప్పే భాగం ఒకటి ఉంటుందట. ఇరవై అయిదు దాటితేగానీ అది పూర్తిగా ముదరదట. ముసలి రోగుల్లో ఆ భాగాన్ని కాసేపు వెనకటి వయసుకి తీసుకెళ్తే, చచ్చుబడ్డ చేతులు కదలడం తొందరగా నేర్చుకుంటాయని ఆమె నమ్మకం. దానికోసం తలకి చుట్టుకునే పట్టీ ఒకటి తయారు చేసింది. పుట్టిన తేదీ, వెళ్ళాల్సిన వయసు కొడితే, ఇరవై అయిదు నిమిషాల పాటు ఆ భాగం ఆ వయసులో ఎలా ఉండేదో అలా అయిపోతుంది. జ్ఞాపకం పోదు, తెలివి పోదు. 'ఆగు' అనేది మాత్రం ఆలస్యంగా వినిపిస్తుంది.

ఒక ఆదివారం చేపల పులుసు తింటూ ఆమె ఇదంతా చెప్తుంటే నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కమిటీ వాళ్ళని దీంతో పదహారేళ్ళకి తీసుకెళ్దామన్నాను. నీకు మతి పోయిందా వదినా, ఇది రోగుల కోసం అంది. నెల రోజులు బతిమాలాను, తిట్టాను, పది రోజులు మాట్లాడ్డం మానేశాను. చివరికి ముందు నువ్వు పెట్టుకో, తరవాత చూద్దాం అంది.

పెట్టుకున్నాను. మొదటి అయిదు నిమిషాలూ ఏమీ తెలియలేదు. లాబ్ డాబా మీద గాలికి నిలబడ్డాం. పక్కన కారు షెడ్డు కప్పు, మధ్యలో అయిదడుగుల సందు. దూకెయ్యొచ్చు అన్నాను. తనేమో నవ్వి, నీ వల్ల కాదులే అంది. గాల్లో ఉన్నప్పుడు నాకు అన్నీ తెలుసు. నా మోకాళ్ళ సంగతి తెలుసు, చీర కట్టుకున్నానని తెలుసు, ఇంటికెళ్తే మా ఆయన చేత చీవాట్లు తింటానని తెలుసు. ఇంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదని కూడా తెలుసు. అయినా దూకాను, హాయిగా దూకాను. షెడ్డు పక్క ఇసక కుప్ప మీద పడి, నొప్పికి ఏడుస్తూ, పిచ్చిదానిలా నవ్వుతూ, "ఇదే ఎస్తేరూ, వాళ్ళకి తెలియాల్సింది ఇదే" అని అరిచాను. ఆమె పరుగెత్తుకొచ్చి నా కాలు చూసి భోరుమంది.

ఆ కాలు చూశాకే ఎస్తేరు మెత్తబడింది. అనుమతులు తీసుకుంది. మెట్లు లేని గెస్ట్ హౌస్ హాలు చూశాం, గోడల పొడుగునా పరుపులు వేయించాం. ఒక నర్సుని పిలిచాం. అయిదుగురు సభ్యులూ ఇష్టపూర్వకంగానే సంతకాలు పెట్టారు. కొలత పక్కాగా ఉండాలని, అందరూ తమ టెన్త్ సర్టిఫికెట్ తేవాలని ఎస్తేరు ముందే కబురు పెట్టింది. రిపోర్టు ఇవ్వాల్సిన వారంలోనే, సోమవారం పొద్దున పదకొండు గంటలకి పట్టీలు కట్టాం.

ఆ ఇరవై అయిదు నిమిషాలూ నేను చచ్చేదాకా మరిచిపోను. పిల్లలకి జాలి చూపిస్తే దేశం పాడవుతుందని నెల్నాళ్ళుగా వాదిస్తున్న లాయరు గారు, పక్కాయన తన బట్టతలని చూసి నవ్వాడని మిరపకాయ బజ్జీల పళ్ళెం ఎత్తి ఆయన మీదికి విసిరారు. పక్కాయన ఊరుకుంటాడా, చట్నీ గిన్నె అందుకున్నాడు. ఇంకో ఆయన కిటికీలోంచి బయటి జామచెట్టుకి వేలాడుతూ కనిపించాడు. ఎప్పుడు వెళ్ళాడో నర్సు కూడా చూడలేదు. కాత్యాయని గారు, మనవలున్న మనిషి, ఫోన్ తీసి వాళ్ళాయనకి చేసి, పెళ్ళిచూపుల్లో నిన్ను చూసి నాకు నవ్వొచ్చింది, ముప్పై నాలుగేళ్ళుగా చెప్పలేదు అని చెప్పేసి, పెట్టేసి, నోరు మూసుకుని కిందపడి దొర్లి నవ్వారు. పట్టీలు తీశాక నలుగురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేకపోయారు. లాయరు గారు నా దగ్గరికొచ్చి, ఒంటికంటిన శనగపిండి తుడుచుకుంటూ, విసరకూడదని నాకు తెలుసమ్మా అని మెల్లగా అన్నారు. నాకు ఆనందంతో కళ్ళ నీళ్ళొచ్చాయి.

కానీ అయిదో మనిషి చైర్మన్. యడ్లూరి భీమేశ్వరరావు గారు. ఒకప్పుడు హెడ్మాస్టరు, రాజీనామా చేసి ఎన్నికల్లో నిలబడి గెలిచారు. ఈ గోలంతా జరుగుతుంటే ఆయన కుర్చీలోంచి కదల్లేదు. టీ తాగారు. పేపరు చదివారు. చట్నీ చుక్క ఒకటి పంచె మీద పడితే చేతిరుమాలుతో ఒత్తుకున్నారు.

"చూడమ్మా, నాకూ పదహారేళ్ళే వచ్చినయ్యి కదా. నేను ఎవరి మీదా ఏమీ విసర్లా. పెంపకం సరిగా ఉంటే ఏ వయసుకైనా బుద్ధి ఉంటది" అన్నారు. రిపోర్టు రాసేది ఆయనే. గురువారం వ్యతిరేకంగా రాస్తానని చెప్పి కారెక్కి వెళ్ళిపోయారు. ఆయన రాసిందాని మీద ఎదురు చెప్పే ధైర్యం మిగతా నలుగురికీ లేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని నేనన్నది రాయదగ్గది కాదు.

మంగళవారం పొద్దున్నే ఎస్తేరు గుంటూరు నుంచి లాప్‌టాప్ పట్టుకుని దిగింది. పట్టీలు నమోదు చేసిన మెదడు గీతలు చూపించింది. నలుగురి గీతలూ పదహారు దగ్గర ఉన్నాయి. చైర్మన్ గారిది మాత్రం పంతొమ్మిది దగ్గర ఉంది. నీ మిషన్ పాడైందన్నాను. పాడవలేదంది. మరి ఆయనేమన్నా దేవుడా అన్నాను. నాకేం తెలుసు, మీ రాజకీయాల వాళ్ళ సంగతి నువ్వే చెప్పాలంది. నీ వల్ల ఆ పిల్ల జైలుకి పోతుందని నేను, నీ తొందర వల్లే ఇదంతా అని తను. ఉప్మా చల్లారిపోయింది.

మా ఆయన మునిసిపల్ స్కూల్లో మాస్టారు. తన ఉప్మా తను తింటూ, తలెత్తకుండా అడిగారు. "ఆయన ఏ డేటు ఇచ్చారే? సర్టిఫికెట్టుదేనా?"

ఎస్తేరు గబగబా ఆయన తేదీ వెతికింది. సర్టిఫికెట్టుదే.

చూశారా మా తెలివి! ఈ ఇంట్లో మాస్టారికి రెండు పుట్టినరోజులున్నాయి, నాకు రెండున్నాయి. బళ్ళో వేసే రోజు హెడ్మాస్టరు ఎంత రాస్తే అంత. ఉద్యోగం నాలుగేళ్ళు ఎక్కువ చేస్తాడని మగపిల్లలకి వయసు తగ్గించి రాయించేవాళ్ళు. డేటు తెలియకపోతే జూన్ ఒకటి. చైర్మన్ గారికీ అలా తగ్గించి ఉంటే, పట్టీ ఆయన్ని పదహారు దాకా తీసుకెళ్ళనట్టే. నా పట్టీకి ఎస్తేరు నా అసలు తేదీ కొట్టింది, ఏటా నా కేకు తినే మనిషి కదా. కమిటీ వాళ్ళ దగ్గర మాత్రం శాస్త్రం పేరు చెప్పి సర్టిఫికెట్లు అడిగింది. పదకొండేళ్ళుగా పిల్లల వయసు కాయితాలు చూస్తున్న నాకు కూడా తట్టలేదు. నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియక రెండూ చేశాం.

బుధవారం చంకలో కర్రతో, ఎస్తేరుని వెంటబెట్టుకుని, కృష్ణకి అవతల చైర్మన్ గారి ఊరెళ్ళాను. ఒక ఎమ్మెల్యేని పట్టుకుని మీ అసలు వయసెంతండీ అని ఎలా అడగాలో దారంతా ఆలోచించాను. ఆ అవసరం రాలేదు. అరుగు మీద వాళ్ళక్క వెంకాయమ్మ గారు చింతపండు గింజ తీస్తున్నారు. నా కాలు చూసి జాలిపడి పీట వేశారు. తమ్ముడు గారు ఎప్పుడు పుట్టారండీ అన్నాను.

"అరవై తొమ్మిది తుఫానులో. ఇంట్లోకి నడుంలోతు నీళ్ళు. మంచం మీద మంచం వేసి, పై మంచం మీద కన్నది మా అమ్మ. నేనే దీపం పట్టుకున్నా" అన్నారావిడ.

సర్టిఫికెట్‌లో డెబ్బై రెండు. సరిగ్గా మూడేళ్ళు.

చైర్మన్ గారు లోపల్నించి అంతా విన్నట్టున్నారు. బయటికొచ్చారు. మొహం కందగడ్డలా ఉంది. ఇంటికొచ్చి మా అక్క దగ్గర కూపీలు లాగుతారా అని గట్టిగా అడిగారు. నేను భయపడ్డాను, అబద్ధమెందుకు. ఆయన కూర్చున్నాక గొంతు తగ్గింది. "ఇది బయటికొస్తే నా అఫిడవిట్ అబద్ధమవుద్దమ్మా. అవతల పార్టీ వాళ్ళు నన్ను బతకనిస్తారా?"

ఎవరికీ చెప్పనన్నాను. మా అమ్మ మీద ఒట్టేశాను. అసలు తేదీతో ఒక్కసారి, ఇక్కడే, మీ ఇంట్లోనే పెట్టుకోండి, తరవాత మీ ఇష్టం వచ్చింది రాయండి అన్నాను. పరిమళ గురించి చెప్పాను. మంటల్లోకి తిరిగి వెళ్ళిందన్న దగ్గర ఆయన నన్ను ఆపి, మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. కుర్చీ ముందుకి లాక్కుని, కట్టమన్నారు.

ఎస్తేరు కట్టింది. పది నిమిషాలు ఏమీ కాలేదు. మేం ముగ్గురం కాఫీలు తాగుతున్నాం. వెంకాయమ్మ గారు ఏదో ముచ్చటగా, పదహారేళ్ళప్పుడు వీణ్ణి ఎదురింటి సుబ్బారాయుడు కాలవ గట్టు మీద కొడితే ఏడ్చుకుంటూ వచ్చాడమ్మా అన్నారు. నేనెప్పుడు ఏడ్చానే అని చైర్మన్ గారు లేచారు. ఏడవలేదూ, ముక్కు చీది నా ఓణీకి తుడిచావు అన్నారావిడ. అంతే. గోడకి ఆనించిన పార తీసుకుని ఆయన వీధిలోకి పరుగు. వెనకాల ఎస్తేరు, ఆమె వెనకాల ఒంటికాలి మీద గెంతుతూ నేను.

సుబ్బారాయుడు గారు మంచం మీద కూర్చుని కాళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటున్నారు. ఇద్దరూ రోజూ కలిసి చదరంగం ఆడుకునే మనుషులట. చైర్మన్ గారు పార ఎత్తారు. ఎస్తేరు వెనక నుంచి ఆయన నడుం పట్టుకుంది. పార పక్కకి తిరిగి వాకిట్లో ఉన్న కొత్త స్కూటర్ మీద పడింది. హెడ్‌లైట్ భళ్ళున పగిలింది. ఆయన మళ్ళీ ఎత్తి ఇంకో దెబ్బ వేశారు, ఇంకోటి వేశారు. ఎస్తేరు పట్టీ లాగేసింది.

ఆయన చేతిలో పార చూసుకున్నారు. పగిలిన స్కూటర్ చూశారు. నూనె గిన్నెతో నోరు తెరుచుకుని కూర్చున్న స్నేహితుణ్ణి చూశారు. మెల్లగా వెళ్ళి ఆయన పక్కన మంచం మీద కూలబడ్డారు.

"తప్పని తెలుసమ్మా" అన్నారు నాతో. "తెలుస్తానే ఉంది. చెయ్యి ఆగలా. ఆ పిల్ల మాత్రం వెనక్కెళ్ళి ఆ ముసలాయన్ని తీసుకొచ్చింది. నేనైతే ఏం చేసేవాణ్ణో."

జరిగిందేమిటో మేం చెప్పాక సుబ్బారాయుడు గారు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టారు. నలభై రెండేళ్ళు దాచుకున్నావా రా ఆ దెబ్బ అని ఆయన వీపు మీద చరిచారు. కాసేపటికి చైర్మన్ గారూ నవ్వారు. ఇద్దరు ముసలాళ్ళూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతుంటే ఎస్తేరూ నేనూ కూడా ఆగలేకపోయాం.

గురువారం కమిటీ గదిలో విలేకరులు కూడా ఉన్నారు. చైర్మన్ గారు కాయితం తియ్యలేదు. ముప్పై ఒక్క మంది పిల్లల పుట్టిన తేదీలు చదవమని నన్ను అడిగారు. ఎందుకో అర్థం కాకుండానే చదివాను. చదువుతూ చదువుతూ లెక్కపెట్టడం మొదలెట్టాను. పద్నాలుగు మందివి జూన్ ఒకటి. నా బల్ల మీద ఏళ్ళ తరబడి ఉన్న కాయితమే అది.

ఆయన లేచి నిలబడ్డారు. తలకి పట్టీ లేదు, మామూలు మనిషిగా, బాగా ఆలోచించుకునే మాట్లాడారు. "నేను హెడ్మాస్టరుగా తొమ్మిదేళ్ళు చేశాను. డేటు తెలియని ప్రతి బిడ్డకీ ఈ చేత్తోనే జూన్ ఒకటి రాశాను. నాకూ ఇంకో హెడ్మాస్టరు అట్టాగే రాశాడు. నా అసలు వయసు యాభై అయిదు కాదు, యాభై ఎనిమిది. పదహారు దాటిందీ లేందీ మేం అంచనాగా గీసిన గీత. దాని మీద నిలబెట్టి పిల్లల్ని పెద్దల జైలుకి పంపటానికి నేను సంతకం పెట్టను. అసలు తేదీ తెలిసినా పెట్టను. ఎందుకో నిన్న నాకు తెలిసింది."

విలేకరులు ఎగబడ్డారు. నేను ఒట్టు తప్పలేదు, ఆయనే తన నోటితో చెప్పేశారు. మర్నాటికి ఆయన వయసు మీద పోస్టర్లు పడ్డాయి, పార్టీ సంజాయిషీ అడిగింది, వచ్చే ఎన్నికల్లో టికెట్ వస్తుందో రాదో తెలియదు. ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. ఆయన మాత్రం స్కూటర్ బాగు చేయించి ఇచ్చానమ్మా, ఇవాళ చదరంగంలో ఓడిపోయాను అని చెప్పి నవ్వారు. సిఫార్సు అయిదుగురి సంతకాలతో వచ్చింది, దాని వెనకాలే బిల్లూ వచ్చింది. లాయరు గారి సంతకం అందరికంటే పెద్దది.

సోమవారం బోర్డు కూర్చోలేదు. నేను బందరు నుంచి పరిమళ వాళ్ళమ్మని తీసుకుని హోమ్‌కి వెళ్ళాను. మామూలుగా కలిసే రోజు కాదు కాబట్టి ఆవిణ్ణి గేటు దగ్గర కూర్చోబెట్టి ముందు నేనొక్కదాన్నే లోపలికెళ్ళాను. పరిమళ తల దువ్వుకుని, ఉతికిన బట్టలు వేసుకుని, బోర్డు కోసం సిద్ధంగా కూర్చుంది. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

ఆగిపోయిందని చెప్పాను. అంటే ఏంటి మేడం అని అడిగింది. పెద్దల కోర్టు లేదన్నాను. చేసిందానికి పిల్లల కోర్టులో జవాబు చెప్పాలి, అక్కడ నిన్ను చిన్నపిల్లగానే చూస్తారు, చదివిస్తారు, ఇంటికి పంపే దారి ఉంటుంది అన్నాను. తప్పని తెలుసా అని ఎవరూ అడగరా అంది. అడిగినా ఇప్పుడు నిజమే చెప్పొచ్చు, భయం లేదన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. చేతులు ఒళ్ళోంచి జారాయి, పెదవి వంకర పోయింది.

"నాకు మా అమ్మ కావాలి" అంది.

ఏడు నెలల్లో ఆ మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. వాళ్ళమ్మ ఎప్పుడు గేటు దాటొచ్చిందో తెలియదు, చెప్పులు కూడా లేకుండా వరండాలో నిలబడి ఉంది. పరిమళ కుర్చీ తన్నేసి పరుగెత్తింది. వార్డెన్ గారు విజిటర్ల రిజిస్టర్ తెరిచి సంతకం అడగబోయి, మూసేసి పక్కన పెట్టారు.